అరవై సెకన్ల మనిషి: డూమ్ పెట్రోల్ చేతులు మారిన కథ

ముందు వరసలు ఖాళీగా ఉన్నాయి, జరగండి. ఆ, అలా. ముందు పేరు సంగతి తేల్చేద్దాం. డూమ్ పెట్రోల్. బంకులో కొట్టించుకునే పెట్రోలు కాదండీ. రాత్రిపూట పోలీసులు పెట్రోలింగ్ అని తిరుగుతారే, ఆ పెట్రోల్. చావుకు ఎదురెళ్ళి గస్తీ తిరిగే గుంపు అనుకోండి. 1963లో అమెరికాలో డీసీ కంపెనీ వేసిన కామిక్స్‌లో పుట్టింది. సూపర్‌మ్యాన్ ఇంటిపేరే, కాకపోతే ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా పిలవని చుట్టాలు వీళ్ళు.

ఇవాళ మనం చూడబోయేది ఒక్క ప్రశ్న. పాత్రల్ని పుట్టించినవాళ్ళు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు వస్తే, ఆ కొత్తవాళ్ళ చేతికి అందేది ఏమిటి? పాత్ర ఎవరి సొత్తు అని అడగడం లేదు. అది కంపెనీ సొత్తు, అక్కడితో సరి. నేనడిగేది, చేతికి ఏం అందుతుంది అని. పేరు అందుతుంది. వేషం అందుతుంది. ఏ శక్తి ఉందో అందుతుంది. మరి ఆ శక్తికి పాత్ర చెల్లించే మూల్యం? అది అందుతుందా? ఈ మాట గుర్తుంచుకోండి, మూల్యం. గంటసేపు దీని చుట్టూనే తిరుగుతాం.

దానికంటే ముందు, అసలు ఈ పుస్తకం ఎలా తయారయ్యేదో రెండు ముక్కలు. కథ ఒకరు రాస్తారు. పెన్సిల్‌తో బొమ్మ ఒకరు వేస్తారు. ఆ పెన్సిల్ మీదే బుడగల్లో మాటలు ఒకరు రాస్తారు, ఆ తర్వాత సిరా ఒకరు దిద్దుతారు, రంగులు ఒకరు గుర్తు పెడతారు. వీళ్ళలో ఒకరి మొహం ఒకరు చూడకపోయినా పని నడిచిపోయేది. అందర్నీ కలిపే దారం ఒక్కటే, ఎడిటర్. డీసీలో రచయిత పూర్తి స్క్రిప్టు ఇచ్చేవారు: ఫలానా పేజీ, ఫలానా గడి, అందులో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏమన్నారు, అంతా. పోటీ కంపెనీ మార్వెల్‌లో అలా కాదు. అక్కడ కథ టూకీగా చెప్తే చిత్రకారుడు ఇరవై పేజీలు తనే నడిపించేవారు, బొమ్మలు వచ్చాక రచయిత మాటలు నింపేవారు. ఈ తేడా చిన్నదిగా కనపడుతుంది గానీ, మనిషి మారినప్పుడు దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్పేది ఇదే. డీసీలో చిత్రకారుడు మారితే కథ నడక అలాగే ఉండి మొహాలు మారతాయి. మార్వెల్‌లో చిత్రకారుడు మారితే కథ నడకే మారిపోతుంది.

సరే, ఇంక మన గుంపు దగ్గరికి.

మై గ్రేటెస్ట్ అడ్వెంచర్ అని ఒక పత్రిక. నెలకో సాహసం, నెలకో కొత్త మనిషి, అలాంటి కథల కలగూరగంప. అది నీరసించింది. ఎడిటర్ ముర్రే బోల్టినాఫ్, రచయిత ఆర్నాల్డ్ డ్రేక్‌ని పిలిచి, ప్రతి సంచికలోనూ వచ్చే ఒక జట్టు కావాలన్నారు, అదీ వెంటనే. గడువు మరీ దగ్గర కావడంతో డ్రేక్ తోడుగా బాబ్ హేనీని పిలుచుకున్నారు. బొమ్మలు బ్రూనో ప్రెమియాని. 80వ సంచిక, కవరు మీద తేదీ జూన్ 1963. ఆరు సంచికలు తిరిగేసరికి, 86వ దగ్గర, మార్చి 1964లో, పత్రిక పేరే డూమ్ పెట్రోల్ అయింది. అంటే అద్దెకు దిగినవాళ్ళు ఇంటి బోర్డు మార్చేశారు.

ప్రెమియాని సంగతి కొంచెం చెప్పాలి. ఇటలీలో ట్రియెస్టెలో పుట్టి అర్జెంటీనాలో స్థిరపడిన మనిషి. గుర్రం శరీర నిర్మాణం మీద పుస్తకం వేశారంటే ఎముకా కండరం ఎంత క్షుణ్ణంగా తెలుసో అర్థం చేసుకోండి. ఈయన వేసిన మనుషులకు చొక్కా ముడతలు పడుతుంది. భుజాలు వాలి ఉంటాయి. దవడ పలకలా ఉండదు. వింత జీవుల్ని మామూలు మనుషుల లోకంలో కూర్చోబెడితేనే కదా వింత కనపడేది? అందరూ కండలు తిరిగి ఉంటే ఇనప మనిషి ఇంకో కండల మనిషే. ప్రెమియాని గీత లేకపోతే ఈ కథలు సగం చచ్చేవి. ఇది నా అభిప్రాయం, పోట్లాడేవాళ్ళు చివర్లో పోట్లాడండి.

జట్టులో ఎవరెవరు? క్లిఫ్ స్టీల్, రేసు కార్ల డ్రైవరు. ప్రమాదంలో ఒళ్ళంతా పోయి మెదడు ఒక్కటీ మిగిలితే దాన్ని ఇనప శరీరంలో పెట్టారు, రోబోట్‌మ్యాన్. ఈ పేరు కూడా పాత సామానే సుమండీ. 1942లోనే డీసీలో మెదడున్న ఇంకో రోబోట్‌మ్యాన్ ఉన్నాడు, సూపర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన జెర్రీ సీగల్ రాసింది. రెండో మనిషి రీటా ఫార్, సినిమా నటి. ఆఫ్రికాలో షూటింగులో అగ్నిపర్వతం ఆవిర్లు పీల్చింది. తాటిచెట్టంత పెరగగలదు, చీమంత తగ్గగలదు. మూడోవాడు లారీ ట్రెయినర్, టెస్ట్ పైలట్, నెగటివ్ మ్యాన్ అంటారు. వీళ్ళను చేరదీసిన పెద్ద నైల్స్ కాల్డర్, చక్రాల కుర్చీలో ఉండే మేధావి, అందరూ చీఫ్ అంటారు. ఆయన కాళ్ళు పోయిన వైనం 88వ సంచికలో వస్తుంది: జనరల్ ఇమ్మోర్టస్ అనే ముసలి విలన్ ఆయన ఒంట్లో బాంబు పెడితే, అది తీయించుకోవడానికి తన రోబో చేతనే ఆపరేషన్ చేయించుకున్నాడు.

ఇప్పుడు లారీ దగ్గర కాసేపు ఆగుదాం. విమానంలో రేడియోధార్మికత తగిలి వాడి ఒళ్ళే విషమైపోయింది. అందుకని తలనుంచి కాలిదాకా మందు పట్టించిన కట్లు. వాడి లోపల ఒక నల్లటి ఆకారం ఉంది, అది బయటికొచ్చి మెరుపులా ఎగురుతుంది, గోడల్లోంచి దూరిపోతుంది. కానీ అరవై సెకన్లలో వెనక్కి రావాలి. రాకపోతే లారీ చచ్చిపోతాడు. ఆ అరవై సెకన్లూ వాడి ఒళ్ళు నేలమీద బియ్యం బస్తాలా పడి ఉంటుంది, చీమ కుట్టినా తోలుకోలేడు.

ఇది రచయితకు ఎంత పెద్ద పనిముట్టో చూడండి. ఆకారం బయటికి రాగానే కథ రెండు చోట్ల నడవాలి. ఒక గడిలో ఆకారం ఎక్కడో విమానాన్ని ఆపుతూ ఉంటుంది. పక్క గడిలో పడి ఉన్న లారీ, వాడి మీదికి ఎవడో వస్తుంటాడు. మిగతా జట్టులో ఒకరు వాడికి కాపలా ఉండాలి, అంటే యుద్ధంలో ఒక మనిషి తగ్గినట్టే. గడియారం ఎలాగూ నడుస్తోంది. ఉత్కంఠ కోసం వేరే ఏర్పాటు అక్కర్లేదు, పాత్రలోనే బిగించి ఉంది. అచ్చు విషయంలోనూ తెలివైన పని. ఆనాటి కామిక్స్‌లో నల్ల సిరాకు ఒక పలక, ఎరుపు పసుపు నీలాలకు వేరే పలకలు. ఒక్కో రంగుకు పావు వంతు, సగం, పూర్తి అని మూడే స్థాయిలు, తెల్ల కాగితంతో కలిపితే మొత్తం 64 రంగులు. చవక న్యూస్‌ప్రింట్ మీద రంగుల పలకలు అటూ ఇటూ జరిగి, ఎర్ర చొక్కా రంగు భుజం దాటి గాల్లోకి పోయేది. నల్ల ఆకారానికి ఆ బాధ లేదు. ఎంత చెత్తగా అచ్చయినా నెగటివ్ మ్యాన్ నెగటివ్ మ్యాన్ లాగే ఉంటాడు.

క్లిఫ్ మూల్యం వేరు. ప్రతి రెండు మూడు కథలకీ వాడి చెయ్యో కాలో ఊడిపోతుంది, కరిగిపోతుంది. కొన్నిసార్లు వాడే పీకి ఆయుధంగా వాడతాడు. 1954 నుంచీ అమెరికాలో కామిక్స్ మీద ఆచార సంహిత ఉండేది, రక్తపాతం చూపకూడదు, చూపితే కవరు మీద ఆమోద ముద్ర పడదు. మనిషి చెయ్యి తెగితే ముద్ర పడదు, ఇనప చెయ్యి తెగితే పడుతుంది. ఆ సందులోంచి డ్రేక్ ఒక మనిషి శరీరాన్ని నెలనెలా ముక్కలు చేసి చూపించారు. నవ్వు పుట్టేలా రాశారు, కానీ తర్వాత ఆలోచిస్తే నవ్వు రాదు. రీటాది ఇంకో తీరు. ఆమెది చక్కటి మొహం, మామూలు మనిషిలా తిరగగలదు. అందుకే ఆమెకు పెళ్ళి కుదిరింది, 104వ సంచికలో, స్టీవ్ డేటన్ అనే కోటీశ్వరుడితో. ప్రపంచంలో అయిదో ధనవంతుడట, ఆమెను మెప్పించడానికే ఓ శిరస్త్రాణం కట్టించుకుని వీరుడయ్యాడు. క్లిఫ్‌కీ లారీకీ వాణ్ణి చూస్తే ఒళ్ళుమంట. ఎందుకుండదు?

విలన్లు ఇంకా వింత. గాజు జాడీలో మెదడు ఒకటి, పేరే బ్రెయిన్. దాని కుడిభుజం మాలా అనే గొరిల్లా, చదువుకున్న గొరిల్లా, ఫ్రెంచివాడు, తుపాకీ పట్టుకుంటాడు. 89లో స్వెన్ లార్సెన్ అనే శాస్త్రవేత్త వస్తాడు, సగం జంతువు, సగం కూరగాయ, సగం ఖనిజం. మూడు సగాలేమిటి అనకండి, ఆ బొమ్మ చూస్తే లెక్కలు మర్చిపోతారు.

ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు, మార్వెల్ వాళ్ళ ఎక్స్‌మెన్ సంగతేమిటని. చక్రాల కుర్చీలో మేధావి, లోకం వెలివేసినవాళ్ళ జట్టు. ఎక్స్‌మెన్ మొదటి సంచిక కవరు తేదీ సెప్టెంబరు 1963, వీళ్ళకంటే మూడు నెలలు వెనక. అంతేనా? మార్చి 1964లో ఇక్కడ బ్రెయిన్ ముఠా, బ్రదర్‌హుడ్ ఆఫ్ ఈవిల్, అదే నెల అక్కడ ఇంకో విలన్ల ముఠా, బ్రదర్‌హుడ్ ఆఫ్ ఈవిల్ మ్యూటెంట్స్. కాపీ కొట్టారా? నెల ఒకటే అయినప్పుడు ఒకరిది చూసి ఒకరు వేసే వ్యవధి లేదు. కథ రాయడం నుంచి దుకాణానికి రావడం వరకు నెలలు పడుతుంది. కవరు మీద తేదీ అమ్మకానికి వచ్చిన తేదీ కాదు, దుకాణదారు తీసి పక్కన పెట్టాల్సిన తేదీ. రెండు మూడు నెలలు ముందే బజారులో ఉంటుంది. డ్రేక్ మొదట్లో కాకతాళీయమనే అనుకున్నారు, తర్వాత్తర్వాత అనుమానం పెంచుకున్నారు. నాకైతే ఈ తగువు కంటే తర్వాత జరిగింది రుచికరం. దానికి వస్తున్నా.

ఆ దుకాణం లెక్క ఇంకో విషయం కూడా చెప్తుంది. అమ్ముడుపోని పుస్తకాలకు కవరు చింపి వెనక్కి పంపితే డబ్బు తిరిగొచ్చేది. అవన్నీ తిరిగొచ్చి లెక్క తేలేసరికి ఇంకో నాలుగైదు సంచికలు తయారై కూర్చునేవి. ఇవాళ అమ్మకం పడిందని తెలిసి రచయితను మార్చారంటే, ఆ పడింది ఆరేడు నెలల కిందటి కథకు. శిక్ష పడేది ఒకరికి, తప్పు ఇంకొకరిది. జట్లు అర్థంలేకుండా మారినట్టు కనపడటానికి సగం కారణం ఇదే.

డూమ్ పెట్రోల్ దగ్గర మాత్రం అయిదేళ్ళ పాటు డ్రేక్, ప్రెమియాని, బోల్టినాఫ్ ముగ్గురూ ఇంచుమించు కదల్లేదు. ఆ రోజుల్లో ఇది అరుదు. 1968లో అమ్మకాలు సరిపోలేదు. 121వ సంచికతో ఆపేస్తున్నామన్నారు. అప్పుడు డ్రేక్ ఏం చేశారు? చంపేశారు. నలుగుర్నీ. కెప్టెన్ జాల్, మదామ్ రూజ్ అనే విలన్లు కలిసి వాళ్ళను ఒక దీవిలో బంధించి బేరం పెడతారు: మెయిన్ రాష్ట్రంలో కాడ్స్‌విల్ అనే చేపలు పట్టే పల్లె ఉంది, అక్కడ 14 మంది ఉన్నారు. మీరు చస్తారా, వాళ్ళు చావాలా? ఎవరా 14 మంది? ఎవరూ కాదు. పేరు లేనివాళ్ళు, ఊరు తెలియనివాళ్ళు. నలుగురూ మమ్మల్నే పేల్చెయ్యమంటారు. పేల్చేస్తాడు. అంతే. ఆఖరి నిమిషంలో గోడ వెనక సొరంగం లేదు.

ఆ సంచిక మొదటా చివరా ఎడిటరూ చిత్రకారుడూ బొమ్మల్లో కనపడి, వీళ్ళు బతకాలంటే ఉత్తరాలు రాయండి అని పాఠకుల్ని అడుగుతారు. చూశారా, ఇద్దరే. రాసిన మనిషి ఏడి? ఆ బొమ్మలో డ్రేక్ కూడా ఉండాల్సింది. అప్పటికే డబ్బు తగాదాతో కంపెనీ వదిలేశారు, బోల్టినాఫ్ మీద స్నేహంతో ఈ ఆఖరి స్క్రిప్టు ఇచ్చారు. అక్కడ చెల్లింపు పేజీ లెక్కన. ఆరోగ్య బీమా లేదు, మళ్ళీ అచ్చేస్తే వాటా లేదు. డ్రేక్, గార్డ్‌నర్ ఫాక్స్ లాంటి పాతకాపులు అవి అడిగారు. అడిగినవాళ్ళకు మెల్లగా పని తగ్గిపోయింది. తన పాత్రల చావు రాసి, వాటి శవయాత్రలో తనే లేకుండా పోయిన రచయిత. ఆ పేజీ తెరిచి ఒకసారి చూడండి, ఖాళీ జాగా కనపడుతుంది.

ఇంక ఆ రుచికరమైన సంగతి. డీసీ వదిలిన డ్రేక్ ఎక్కడికెళ్ళారు? మార్వెల్‌కి. ఏ పుస్తకం ఇచ్చారు? ఎక్స్‌మెన్! అవునండీ, ఆ ఎక్స్‌మెనే. 1968లో 47వ సంచిక దగ్గర మొదలుపెట్టి 54 దాకా. ఇక్కడే మనం మొదట చెప్పుకున్న తేడా పనికొస్తుంది. డ్రేక్ పూర్తి స్క్రిప్టు అలవాటున్న మనిషి, ఇది చిత్రకారుడు నడిపించే ఇల్లు. పైగా ఆ ఇంట్లో చిత్రకారుడు నిలవడం లేదు. 50, 51 జిమ్ స్టెరాంకో, 53 బారీ స్మిత్, 54 డాన్ హెక్. వరసగా చదివితే బస్సులు మారుతూ ఊరెళ్ళినట్టుంటుంది. స్టెరాంకో పేజీ మొత్తం పోస్టరులా విప్పుతారు, రెండు సంచికల తర్వాత గడులు మళ్ళీ పెంకుల్లా పేర్చి ఉంటాయి.

ఈ గందరగోళంలో లోర్నా డేన్ పుట్టింది, 49లో, పచ్చజుట్టు పిల్ల. విలన్ మాగ్నెటో కూతురంటారు. మూడు సంచికలకే కాదన్నారు. ఎన్నో చేతులు మారాక, రెండువేల సంవత్సరం దాటాక, అవును కూతురేనన్నారు. 54లో ఎక్స్‌మెన్ జట్టులోని సైక్లాప్స్ తమ్ముడు అలెక్స్‌ను తెచ్చారు డ్రేక్. తెచ్చి వెళ్ళిపోయారు. వాడికి హావోక్ అనే వేషం తొడిగింది తర్వాత వచ్చిన రాయ్ థామస్, నీల్ ఆడమ్స్. ఆ నల్లటి వేషం, ఛాతీ మీద వలయాలు చూసి అందరూ ఆడమ్స్ పాత్ర అనుకుంటారు. ఆడమ్స్ అంత గొప్పగా వేసినా పుస్తకం నిలబడలేదు, 66తో కొత్త కథలు ఆపి 67 నుంచి 93 దాకా పాతవే తిరిగి అచ్చేశారు. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ కొత్త జట్టుతో లేపారు, ఆ కథ మీ అందరికీ తెలుసు.

అదే డ్రేక్ మార్వెల్‌లో ఉన్నప్పుడు జీన్ కోలన్‌తో కలిసి ఒకే ఒక్క సంచికకు ఒక అంతరిక్ష జట్టును పుట్టించారు, జనవరి 1969. పేరు గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ. అయిదేళ్ళు ఎవరూ ముట్టుకోలేదు. 1974లో స్టీవ్ గెర్బర్ దుమ్ము దులిపారు. ఇప్పుడు సినిమాలో చూసే రకూనూ చెట్టూ ఆ జట్టులో లేవు, ఆ పేరూ ఒకటి రెండు మొహాలూ మాత్రం అక్కడివి.

గెర్బర్ పేరు వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. డిఫెండర్స్ అనే పుస్తకంలో ఆయన 1975లో, 25వ సంచికలో, ఒక మరుగుజ్జును తెచ్చారు. టోపీ, తుపాకీ. ఎవరో దంపతుల ముందు ప్రత్యక్షమై కాల్చి మాయం. అసలు కథతో సంబంధమే లేదు. కొన్ని సంచికల తర్వాత మళ్ళీ వస్తాడు, ఇంకెవర్నో కాలుస్తాడు, పోతాడు. ఎందుకు? చెప్పరు. గెర్బర్ 41తో వెళ్ళిపోయారు. కొత్త జట్టుకు ఈ మరుగుజ్జును ఏం చెయ్యాలో పాలుపోలేదు. 46లో లారీ కింద పడేసి చంపారు. మన లారీ ట్రెయినర్ కాదు, రోడ్డు మీద లారీ. నేను మెచ్చుకునే పరిష్కారం ఇది. అర్థంలేకుండా వచ్చినవాడు అర్థంలేకుండా పోయాడు, కొత్తవాళ్ళు అతి తెలివికి పోలేదు. ఎనభైల్లో ఇంకో జట్టు వచ్చి, లేదు లేదు, దీని వెనక పెద్ద కారణం ఉంది అంటూ సంచికలు సంచికలు వివరించింది. వివరించాక మరుగుజ్జు ఏమయ్యాడు? మామూలు పాత్ర అయ్యాడు. వాడి మూల్యం ఏమిటంటే వాడికి కారణం లేకపోవడం. అది తీసేశారు.

మళ్ళీ మన గుంపు. 1973లో 122, 123, 124 అని మూడు వచ్చాయి, పాత కథలే. 1977లో షోకేస్ అనే పత్రికలో, 94 నుంచి మూడు సంచికలు, పాల్ కుప్పర్‌బర్గ్ రచన, జో స్టేటన్ బొమ్మలతో కొత్త డూమ్ పెట్రోల్. క్లిఫ్ మెదడు బతికింది, మెటల్ మెన్ అనే రోబోల్ని కట్టిన శాస్త్రవేత్త విల్ మాగ్నస్ కొత్త ఒళ్ళు కట్టి ఇచ్చాడు. మిగతా ముగ్గురూ కొత్త. అందులో ఒకావిడ మనావిడే! అరణి దేశాయ్, భారతీయురాలు, చీఫ్ భార్యనంటుంది. వేడీ చలీ రెండూ పుట్టిస్తుంది, పేరు సెల్సియస్. అరణి అంటే యజ్ఞానికి నిప్పు చిలికే కొయ్య కదా, పేరు మాత్రం అతికినట్టు కుదిరింది.

ఇంకొకావిడ వాలెంటీనా వోస్టోక్, సోవియట్ పైలట్. ఆ నల్ల ఆకారం ఈమెకు అంటుకుంది, నెగటివ్ వుమన్. ఇక్కడ జాగ్రత్తగా వినండి. లారీకి ఆకారం ఒంట్లోంచి బయటికి వెళ్తుంది, ఒళ్ళు పడిపోతుంది. ఈమెకు? ఈమె ఒళ్ళే ఆ ఆకారంగా మారిపోతుంది. అంతే తేడా. పడిపోయే ఒళ్ళు లేదు. కాపలా ఉండే మనిషి అక్కర్లేదు. రెండు చోట్ల నడిచే కథ లేదు. శక్తి అచ్చంగా అదే, నల్ల బొమ్మా అదే, ఒక్క బిగింపు తీసేశారు. ఏం మిగిలింది? ఎగిరే మనిషి. ఎగిరే మనుషులు అప్పటికే డీసీలో కావలసినంతమంది ఉన్నారు. స్టేటన్ బొమ్మలు బాగుంటాయి, చదవడానికి విసుగు రాదు. కానీ మూడు సంచికలు మూసేశాక ఎవరి మీదా బెంగ పుట్టదు.

1987లో మళ్ళీ కుప్పర్‌బర్గే, ఈసారి సొంత పత్రిక, నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి. బొమ్మలు మొదట స్టీవ్ లైటిల్, అయిదు సంచికలు. ఆయన గీత వడ్రంగి పనిలా నున్నగా ఉంటుంది. తర్వాత ఎరిక్ లార్సెన్, పళ్ళు బిగించి గుద్దుకునే బొమ్మలు. మధ్యలో కూడలి దాటినట్టు తెలిసిపోతుంది. 18తో కుప్పర్‌బర్గ్ దిగిపోతున్నారు. దిగిపోయే మనిషి సాధారణంగా ఏం చేస్తారు? తాళం చెవులు గిరాటేసి పోతారు. ఈయన అలా చెయ్యలేదు. రాబోయే గ్రాంట్ మోరిసన్‌కు ఎవరు అక్కర్లేదో కనుక్కుని, వాళ్ళను తనే పంపించేశారు. అరణి ఒక పెద్ద యుద్ధ కథలో పోయింది, వాలెంటీనాకు శక్తి పోయింది, ఒకమ్మాయి కోమాలోకి వెళ్ళింది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు గోడలకు సున్నం కొట్టి వెళ్ళినట్టు. ఈ మర్యాద గురించి ఎవరూ పెద్దగా రాయరు, అందుకే చెప్తున్నా.

19వ సంచిక, ఫిబ్రవరి 1989, మోరిసన్, రిచర్డ్ కేస్. తెరవగానే క్లిఫ్ ఎక్కడున్నాడు? పిచ్చాసుపత్రిలో, తనే వెళ్ళి చేరాడు. ఒళ్ళు లేదు, స్పర్శ లేదు, ఆకలి లేదు, అవి ఉన్నట్టు మెదడుకు జ్ఞాపకం మాత్రం ఉంది. డ్రేక్ నవ్వుల మధ్య దాచిపెట్టిన మూల్యాన్ని తీసి బల్లమీద పెట్టారు. అక్కడే జేన్ అనే అమ్మాయి, లోపల 64 వ్యక్తిత్వాలు, ఒక్కోదానికి ఒక్కో శక్తి. అచ్చు రంగులూ 64 అని చెప్పుకున్నాం కదా, అది నా సరదా, పట్టించుకోకండి. చీఫూ లారీ అప్పటికే బతికొచ్చేశారు. లారీ, ఎలియనర్ పూల్ అనే డాక్టరు, ఆ నల్ల ఆకారం ముగ్గురూ కలిసిపోయి రెబిస్ అనే ఒక్క జీవి అయ్యారు, ఆడా మగా రెండూ.

ఇంత తలకిందులు చేశారు కదా, పాతవి పారేశారా? చూడండి. 26వ సంచికలో మిస్టర్ నోబడీ అనే విలన్ వస్తాడు, బ్రదర్‌హుడ్ ఆఫ్ దాదా పెడతాడు, పారిస్‌ను మింగే బొమ్మ ఒకటి పట్టుకొస్తాడు. అసలు పేరు మోర్డెన్. ఎవరీ మోర్డెన్? 1964లో 86వ సంచికలో బ్రెయిన్ ముఠాలో చేరాలని వచ్చి, రోబోను దొంగిలించి తన్నులు తిని పోయిన చిల్లరగాడు. పాతికేళ్ళు ఎవరికీ గుర్తు లేడు. ఇక 57లో చీఫ్ గుట్టు బయటపడుతుంది: ఆ ముగ్గురి ప్రమాదాలూ చేయించింది తనే. ఇది తెలిశాక 1963 నాటి 80వ సంచికకు వెనక్కి వెళ్ళి ఆ పెద్దమనిషి తియ్యటి మాటలు చదవండి. ఒక్క అక్షరం మారలేదు, అయినా ఒళ్ళు జలదరిస్తుంది. మోరిసన్ 63తో ఆపారు. 64 నుంచి రేచల్ పొలాక్, టారో అనే జోస్యం కార్డుల పండితురాలు, ఈ పుస్తకం నాకివ్వండి అని ఉత్తరాల పేజీకి రాసిన ఆవిడ. నిజంగానే ఇచ్చారు. ట్రాన్స్ మహిళ అయిన పొలాక్, 70లో కేట్ గాడ్విన్ అనే ట్రాన్స్ వీరనారిని తెచ్చారు. 1995లో 87తో పత్రిక ఆగింది.

ఇంక పనికొచ్చే మాట. డీసీ అరవైల మొదట్లో పేర్లు సరిగ్గా వేసేది కాదు. మరి చెయ్యి మారిందని ఎలా పోల్చాలి? చందమామలో సంతకం చూడకుండానే ఇది చిత్రా, ఇది శంకర్ అనేవాళ్ళు కదా, అదే పద్ధతి. మొహాలు చూడకండి, మొహాలు అనుకరించడం తేలిక. చేతివేళ్ళు, బూట్లు, కుర్చీ కాళ్ళు, వెనక కూర్చున్న మనిషి చొక్కా ముడత చూడండి. సిరా దిద్దే మనిషి మారితే గీత లావు మారుతుంది, నీడలు మారతాయి, మనిషి నిలబడే తీరు మారదు. ఒక్క జాగ్రత్త. 1967 ప్రాంతంలో అసలు బొమ్మ వేసే అట్ట పరిమాణమే తగ్గించారు. అప్పటిదాకా అచ్చుకు రెట్టింపు కొలతలో వేసేవారు, ఆ తర్వాత ఒకటిన్నర రెట్లే. దాంతో అదే చిత్రకారుడి గీత కూడా అచ్చులో లావెక్కి, గడులు తగ్గుతాయి. దాన్ని చూసి మనిషి మారాడనుకుంటారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఎక్కడ మొదలుపెట్టాలని ఇందాక బయట ఇద్దరడిగారు. 1963 నుంచి వరసగా చదవకండి, మధ్యలో అలిసిపోతారు. 80, 86, 88, 89, 121. అయిదే. తర్వాత 1987లో మొదలైన వరసలో 19 నుంచి 34 దాకా. 34లో బ్రెయినూ గొరిల్లా మళ్ళీ వస్తారు, ఒకరినొకరు ప్రేమిస్తున్నామని చెప్పుకుంటారు. పాత కథలు నలుపు-తెలుపులో రెండు లావు సంపుటాలుగా కూడా వచ్చాయి. ప్రెమియాని గీత కోసమైతే అవే మేలు, రంగులకోసమైతే కాదు. ఒక్కటి మాత్రం, నలుపు-తెలుపులో నెగటివ్ మ్యాన్ నీడల్లో కలిసిపోతాడు, రెండుసార్లు చూడాలి.

ఇక అడగండి. ప్రెమియాని మీద పోట్లాడతానన్నవాళ్ళు ముందు.